గంట మీది అక్షరాలు

తుపాను కొండచరియను విరగ్గొట్టి మూడు రోజులైంది. జీడితోటలు దాటి సముద్రం వైపు దిగితే, పగిలిన బండల వెనక ఒక గుహ నోరు తెరుచుకుని ఉంది. దాని గోడపై చెక్కిన తెరచాప గుర్తును ధనరాజు వేలితో తడిమి చూశాడు. అది అతని పూర్వీకుడు ఎర్రన్న గుర్తు.

శత్రువుల ఓడలను కొల్లగొట్టమని ఎర్రన్నకు రాజుగారు రాగిరేకు మీద సన్నదు రాసి అనుమతి ఇచ్చారని ఇంటిల్లిపాదీ గొప్పగా చెప్పుకునేవారు. ఊరి కొత్త జెట్టీకి ఆయన పేరు పెట్టమని అర్జీ రాసింది ధనరాజే. ఆ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు అతడు. పంచాయతీవాళ్లు రుజువు తెమ్మన్నారు.

దారి చూపడానికి పక్క ఊరు దిబ్బపాలెం నుంచి నూకాలమ్మ వచ్చింది. ఆ రాళ్ల మీద ఆల్చిప్పలు ఏరుకు బతికే మనిషి.

"బేగి నడు అల్లుడూ. పోటెక్కిందంటే మనిద్దరం పీతల పాలే."

మోకాటి లోతు నీటిలో, గబ్బిలాల కంపులో వంగి నడిచారు. లోపల రాతి అరుగు మీద ఇనుపకట్ల పెట్టె. ధనరాజు గునపంతో మూత పెకలించాడు. బంగారు కడియాలు, వాటి మీద రాగిరేకు. టార్చి వెలుగులో గబగబా చదివాడు: 'శత్రువుల ఓడలు పట్టవచ్చు. మన తీరపు పడవను ముట్టినవాడు దొంగ.'

"చూశావా అత్తా, మా తాత దొంగ కాదు" అని నవ్వి, రేకును నడుముకు దోపుకున్నాడు.

కడియాల కింద కంచు గంట తగిలింది. అంచున అక్షరాలు: 'దిబ్బపాలెం గంగమ్మ తల్లికి.'

అతని నవ్వు ఆగిపోయింది. ఎప్పుడో ఎర్రన్న కాలంలో దిబ్బపాలెం జాతర పడవ నలభైమందితో, అమ్మవారి గంటతో మాయమైంది. గంగమ్మే కోపగించి మింగిందని ఏటా ఆ రోజు ఊరంతా పస్తుంటుంది.

"ఏటి రాసుందిరా?"

"ఒలందుల ఓడ గంట అత్తా, ఆ తెల్లోళ్లది. వాళ్ల దేవుడి పేరు."

నూకాలమ్మ టార్చి లాక్కుని వంగి చూసింది.

"ఒలందోలు తెలుగులో రాసుకున్నారేటి?"

ధనరాజు గంటను అవతలికి తిప్పబోయాడు.

"సదవడం రాదు గానీ, బస్సు బోర్డులు సూడనేటి? మన అచ్చరం పోల్చుకోలేనా? సదువుకున్నోడివి, నాకాడ బొంకుతావా?"

ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ చదువుతో చేసిన పని ఇదా? అక్షరం అక్షరం మీద వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"మా యమ్మ సచ్చేదాకా పస్తులుంది" అంది నూకాలమ్మ మెల్లగా. "గంగమ్మ తల్లి తప్పేటీ లేకపోయె."

పెద్ద అల వచ్చి అరుగును కొట్టింది. పెట్టె ఒరిగి కడియాలు నీటిలోకి జారాయి. ధనరాజు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు.

"గంట పట్టు. కాళ్లు ఈడ్చి నడు."

గొంతు లోతు నీటిలో, గోడ తడుముకుంటూ, గంటను నెత్తిన ఎత్తుకుని ఇద్దరూ ఎండలోకి వచ్చి పడ్డారు. రాగిరేకు అతని నడుముకే ఉంది.

"మా ఊళ్లో నువ్వే సదవాలి" అంది ఆమె చీర పిండుకుంటూ. "ఆ రేకూ, ఇదీ."

"కొడతారేమో అత్తా."

"కొడతారు. నడు."

జీడితోటలో అతని ఊరివాళ్లే పని చేస్తున్నారు. గంట మోగకుండా ధనరాజు దాని నాలుకను పిడికిట బిగించి కొంతదూరం తల వంచుకు నడిచాడు. తర్వాత పిడికిలి వదిలేశాడు.