పూజనాడు మాయం కాని ఎంక్వైరీలు

మెట్లెక్కి వచ్చిన కుర్రాడు కుర్చీ చూపించినా కూర్చోలేదు. పేరు కౌశల్. బెళ్ళందూరులో వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న ఆఫీసు నడుపుతున్నాడు.

"రేపు పొద్దున నా మీద పోలీస్ కంప్లైంట్ ఇస్తారు సార్. డేటా దొంగ అని పేరు పడితే ఈ ఊళ్ళో నాకింకెవరూ పని ఇవ్వరు," అన్నాడు.

డిటెక్టివ్ రామాంజినప్ప మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. "కూర్చో అప్పా. మొదట్నుంచి చెప్పు. తొందరేం లేదు."

తొందర లేకపోవడమేమిటి, రేపటికి కుర్రాడి బతుకు బజారున పడబోతుంటే అని అసిస్టెంట్ అక్షర లోలోపల గొణుక్కుంది. ఆయన నిదానమంటే ఆమెకెంత గౌరవమో అంత విసుగు.

ఎలక్ట్రానిక్ సిటీలో మార్త అనే ఆవిడకు నీళ్ళు పరీక్షించే ల్యాబ్ ఉంది. ఆ ల్యాబ్ పాత వెబ్‌సైట్ తీసేసి కౌశల్ కొత్తది చేశాడు. అందులో పేరు, నంబరు నింపితే చాలు, 'మేమే ఫోన్ చేస్తాం' అని కస్టమర్‌కు ఒక మెసేజ్ దానంతటదే వెళుతుంది, ఎంక్వైరీ ల్యాబ్ కంప్యూటర్లో చేరుతుంది. ఇప్పుడు మెసేజ్‌లు వెళుతున్నాయి గాని ఎంక్వైరీలు చాలామటుకు మాయమైపోతున్నాయి. కౌశలే వాటిని ఇంకో ల్యాబుకు అమ్ముకుంటున్నాడని మార్త అనుమానం. ల్యాబులో అందరిదీ ఒకే పాస్‌వర్డ్ కనుక ఎవరు తీసేశారో సిస్టమ్ చెప్పదు.

ఇంటినుంచి కూడా ఆ సిస్టమ్‌ను తెరవగలవా అని రామాంజినప్ప అడిగాడు. ఎక్కడినుంచైనా తెరవగలనన్నాడు కౌశల్. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని తెలిసీ దాచలేదు. అక్షరకు అక్కడే అతని మీద నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నానికి ముగ్గురూ ల్యాబుకు చేరారు. మార్త కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. పరీక్షకు నీళ్ళ బాటిళ్ళు రాక మిషన్లు ఊరికే ఉన్నాయి. ఇలాగే ఉంటే ల్యాబ్ మూసేయాల్సిందేనని ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. తనూ కౌశలూ తప్ప మిగతావాళ్ళు ల్యాబులోని కంప్యూటర్లలోనే ఎంక్వైరీలు చూడగలరట.

సేల్స్ చూసే సురేశ్ ముఖం చిట్లించుకునే మాట్లాడాడు. "ఒక్కో బాటిల్ తెచ్చే ఇళ్ళవాళ్ళతో నా టార్గెట్ ఏం కదులుతుంది సార్? నాకు అపార్ట్‌మెంట్లు కావాలి. అవే పోతున్నాయి."

ముందు టేబుల్ ఫర్హానాది. ల్యాబ్ పెట్టిననాటి నుంచీ ఫోనెత్తి కస్టమర్ల గోడు వినేది ఆవిడే. కొత్త సైట్ వచ్చాక ఆ ఫోన్ మోగడం తగ్గింది. ఆవిడ కంప్యూటర్ మీద ఆయుధపూజనాటి బంతిపూలు ఎండిపోయి ఉన్నాయి. ఎవరు పెట్టారని రామాంజినప్ప అడిగాడు.

"నేనే సార్. అన్నం పెట్టే మిషన్ కదా. పూజ చేసినాక మర్నాడు కూడా ఎవురూ ముట్టం."

ఆ రెండు రోజులు వచ్చిన ఎంక్వైరీలను మార్త ఇంటినుంచే చూసి ఫోన్లు చేసిందట. వాటిలో ఒక్కటీ పోలేదు. మిగతా రోజుల్లో వచ్చినవాటిలో ఏవి మిగిలాయో అక్షర చదివింది. బిడ్డకు విరేచనాలని ఒకరు, ముసలాయనకు కామెర్లని ఒకరు రాసుకున్నారు. అన్నీ ఒక్కో బాటిల్ ఇళ్ళే.

తర్వాత ఆమె, వెళ్ళిన మెసేజ్‌ల లిస్టు చూసి, ఎంక్వైరీ మాయమైనవాళ్ళకు ఫోన్లు చేసింది. ఏ ల్యాబ్ వాళ్ళూ తమకు ఫోన్ చేయలేదన్నారందరూ. జబ్బు సంగతి రాశామన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. చివరిది దొడ్డబళ్ళాపురం నంబరు. అవతల చెన్నమ్మ అనే పెద్దావిడ చెప్పిందంతా అక్షర పొల్లుపోకుండా రాసుకుంది. రామాంజినప్ప చెవిన వేస్తే, ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

సాయంత్రం అందరినీ ముందు టేబుల్ చుట్టూ కూర్చోబెట్టాడు.

"ఏ ల్యాబూ ఫోన్ చేయలేదంటే ఎవురూ ఏమీ అమ్ముకోలేదు. పూజకు మీరు కంప్యూటర్లు ఆపితే దొంగతనమూ ఆగింది. కౌశల్‌కు మీ కంప్యూటర్‌తో పనేముండాది? ఇంట్లోనుంచే తీసేయగలడు. కాబట్టి అతను కాదు."

కౌశల్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. సురేశ్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"సురేశ్ అయితే అపార్ట్‌మెంట్లు ఉంచుకుని ఒక్కో బాటిల్‌వి తీసేసేవాడు. ఇక్కడ దానికి తలకిందులుగా ఉండాది. జబ్బని రాసిన ప్రతిదీ మిగిలింది. తీసేసిన మనిషి ప్రతిదీ చదివి, ఆలస్యమైతే ఏమవుతుందో తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇన్నేళ్ళూ ఫోన్లో ఆ గోడు విన్నది మీలో ఒక్కరే."

ఫర్హానా తల దించుకునే ఒప్పుకుంది. సైట్ చూపించినరోజు కౌశల్ అందరి ముందూ అన్నాడట, ఇక ముందు టేబుల్ దగ్గర మనిషి అక్కర్లేదు మేడమ్ అని. మార్త కాదనలేదు. సైట్ పనికిరాదని తేలితే మళ్ళీ ఫోన్లే వస్తాయనుకుంది ఫర్హానా.

మార్త చూపు పక్కకు తిప్పుకుంది. ఆ మాట అన్నట్టు కౌశల్‌కు గుర్తే లేదు.

"కానీ జబ్బని రాసినోళ్ళది ఒక్కటి కూడా తీయలేదు సార్," అంది ఫర్హానా. ఆవిడకు మిగిలిన ధైర్యమంతా ఆ ఒక్క మాటే.

రామాంజినప్ప కుర్చీని ఆవిడ దగ్గరికి జరుపుకున్నాడు. చెన్నమ్మ సంగతి చెప్పకుండా వదిలేస్తే బాగుండునని అక్షర మనసారా కోరుకుంది.

"రాయలేనోళ్ళు కూడా ఉంటారమ్మా," అన్నాడాయన మెల్లగా. "దొడ్డబళ్ళాపురంలో చెన్నమ్మ ఉండాది. పక్కింటోళ్ళ చేత పేరూ నంబరూ మాత్రం పెట్టించింది. ఫోన్లో చెప్పుకోవచ్చనుకుంది. మీరు ఫోన్ చేస్తారని కాచుకుని, అంతవరకూ ఇంటి బోరు నీళ్ళే తాగినారు. మనవరాలు ఇప్పుడు ఆస్పత్రిలో ఉండాది. ఇంకా కళ్ళు తెరవలేదు."

ఫర్హానా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మార్త లేచి, శాంపిల్ బాటిళ్ళ పెట్టె తీసుకుని, కారు తాళాల కోసం వెతుక్కుంది. కంప్లైంట్ ఊసే ఎత్తలేదు. కౌశల్ వెళ్ళి పెట్టె రెండోవైపు పట్టుకున్నాడు.

అక్షర ఆ నంబరు నొక్కి రిసీవర్ ఫర్హానాకు అందించింది. అవతల రింగ్ ఆగింది.

"చెన్నమ్మగారా? ల్యాబ్ నుంచి ఫర్హానాని," అంది. కాగితం, పెన్ను దగ్గరికి లాక్కుంది. "బిడ్డకు ఎట్లుండాది, చెప్పమ్మా. నేను వింటా ఉండాను."