మంగాయమ్మగారి గది

తొంభయ్యారు తుఫాను రాజోలు పక్కనున్న భవానీదేవి ఇంటి పెంకుల్ని పేకముక్కల్లా ఎగరగొట్టేసింది. గోడలు మిగిలాయి గానీ కప్పు లేదు. జ్వరంతో ఉన్న కూతురు హారికని టార్పాలిన్ కింద పడుకోబెట్టుకుంది. ఇన్సూరెన్సు వస్తే గానీ ఆ ఇంటికి కప్పు రాదు. ఆ సాయంత్రమే సర్వేయరు వస్తున్నాడు.

అయితే భవానీ భయమంతా పెరట్లో ఉంది. అత్తగారు మంగాయమ్మ శ్రావణంలో పెరటి గదిలోనే పోయింది. ధనిష్ఠా పంచకంలో పోయింది కాబట్టి ఆర్నెల్లు ఆ గది మూసెయ్యండి, తలుపు ముట్టుకోకండి అన్నారు పంతులుగారు. మొగుడు వీరవెంకటరమణ ఆగితేనా! మూడో నెలలోనే గది పడగొట్టించి శ్లాబు గదికి పునాది వేయించేడు. ఆ తలుపు చెక్కల్ని భవానీయే నీళ్ళపొయ్యిలో పెట్టింది.

పొద్దున్నే ఆ పునాది మీద విరిగిన పెంకులు గుమ్మరించేడు రమణ.

"ఇల్లు మార్పించినట్టు కంపెనీకి చెప్పలేదు కదా. తెలిస్తే క్లెయిము మొత్తం కొట్టేస్తారు. అమ్మ గది ఉంది, గాలికి కూలింది, అంతే. నువ్వు నోరు మెదపకు."

"అత్తయ్యగారి పేరుమీద అబద్ధమేంటండీ... నాకు భయమేస్తోంది."

"భయపడితే కప్పొస్తుందా?"

సర్వేయరు మధుబాబు వచ్చేసరికి మబ్బు కమ్మేసింది. కరెంటు లేదు. పెరడంతా కుళ్ళిన కొబ్బరిమట్టల కంపు.

"మా అమ్మ గదండీ. మొన్నటిదాకా ఉందండీ. మొత్తం పోయిందండీ," అన్నాడు రమణ వినయంగా.

మధుబాబు టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేడు. కాసేపటికి విసుక్కుంటూ తిరిగొచ్చేడు.

"ఏంటండీ మీరు? గది నిక్షేపంలా ఉంటేను! లోపల గడియ పెట్టుంది. తియ్యండి మామ్మగారూ అంటే, మా అబ్బాయొస్తేనే తీస్తానన్నారు."

రమణ మొహం పాలిపోయింది. అయినా నవ్వేడు.

"పక్కింటి పెరడు చూసుంటారు. ఉండండి, నేను చూసొస్తా."

వెళ్ళేడు.

చప్పుడు లేదు... ఆకు కూడా కదలడం లేదు...

కిర్రుమంది. ఆ తలుపు కిర్రు భవానీ పదేళ్ళు విన్నదే. వెంటనే గడియ పడింది.

"ఏవండీ..." అంది గుసగుసగా.

గోడ అవతల నుంచి వచ్చినట్టు మొగుడి గొంతు. చిన్నపిల్లాడిలా ఉంది.

"ఆయ్... ఇక్కడే ఉంటానమ్మా."

లాంతరు పట్టుకుని పరిగెత్తింది. గది లేదు. పునాది, పెంకుల గుట్ట. రమణ లేడు.

"ఇక్కడే కదండీ గది..." అని వెనక నుంచి గొణిగేడు మధుబాబు.

గుమ్మం ఉండాల్సిన చోట మొగుడి చెప్పులు విడిచి ఉన్నాయి. వాటి ముందు బురదలో ఒక గడప. దానికి రాసిన పసుపు ఇంకా తడారలేదు.

ఇంట్లోంచి, టార్పాలిన్ కింద నుంచి హారిక పిలిచింది.

"అమ్మా... మామ్మ నన్నూ రమ్మంటోందే. తన గదికి కప్పుందంట."