కదిలే గోడ

బాస్కెట్‌బాల్ కోర్టులో ఈల మోగింది. రిఫరీ పిల్ల చెయ్యెత్తి తాపీ మేస్త్రీ వైపు చూసింది. ఆరడుగులు దాటిన మనిషి. జట్టులో అందరికీ అతను 'గోడ'.

"మళ్లీ నేనేనా! అడ్డం నిలబడ్డం కూడా తప్పేనాండీ?"

"నిలబడితే తప్పు లేదు. అవతలి జట్టువాడు పక్కనించి పోతుంటే తుంటితో నెట్టారు. కదిలే గోడ ఎక్కడైనా ఉంటుందా?"

"ఇంతమంది ఆడుతుంటే మీ కంటికి నేనొక్కణ్ణే ఆనుతానా?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎండ కాబోలు అనుకున్నాడు మేస్త్రీ.

కెప్టెన్ అతని అక్క మొగుడే. "బామ్మర్దీ, ఇదే ఆఖరు. ఫైనల్లో అడ్డం నిలబడే వంకతో ఇంకో దొంగ స్క్రీన్ పెట్టావో, నీకు బెంచీయే గతి. మీ అక్క బతిమాలినా వినను."

మర్నాడు సాయంత్రం మేస్త్రీ చేతుల సిమెంటు కడుక్కుని కళ్లద్దాల షాపుకి వెళ్లాడు. ఆ రిఫరీ పిల్ల పనిచేసేది అక్కడే.

"కళ్లు చూపించుకోవాలా?"

"కాదండీ. స్క్రీన్ నేర్చుకోవాలి."

ఆమె నవ్వాపుకుని బల్లమీద రెండు కళ్లద్దాల పెట్టెలు పెట్టింది.

"ఇది మీరు. ఇది బంతితో పోయే మీవాణ్ణి తరుముకొచ్చేవాడు. ముందే వచ్చి కుదురుగా నిలబడాలి. కాళ్లు భుజాల వెడల్పు, చేతులు ఒంటికి. నిలబడ్డవాడికి వెనకనించి వస్తే ఒక అడుగు జాగా వదలాలి. పరిగెత్తేవాడికైతే ఆగడానికో తప్పుకోడానికో చోటివ్వాలి."

"అన్నీ ఇచ్చినా ఆవిడే వచ్చి గుద్దుకుంటే?"

"ఆవిడా?"

మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. "అదే... ఆటగాడు."

"అప్పుడు పూచీ గుద్దినవాళ్లది," అందామె, పెట్టెలు సర్దుతూ.

ఫైనల్. చివరి నిమిషం, ఒక్క పాయింటు వెనక. గోడ కుదురుకుంది. తరుముకొచ్చినవాడు ఆ ఛాతీకి తగిలి ఆగిపోయాడు. మేస్త్రీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఈల రాలేదు. బావ విసిరిన బంతి మాత్రం బాస్కెట్‌లో పడింది.

కప్పు అందుకున్నారో లేదో వాన దంచింది. అందరూ షెడ్డు కిందికి పరిగెత్తారు. మేస్త్రీ ఒక్కడూ వెళ్లి గ్రౌండు గేటులో నిలబడ్డాడు. కాళ్లు భుజాల వెడల్పు, చేతులు ఒంటికి.

రెండు లారీలు పట్టే గేటు అది. ఆమె దూరంనించే చూసింది. ఆగలేదు, తప్పుకోలేదు. తిన్నగా వచ్చి అతని గుండెకి నుదురు తగిలించింది.

"నేను కదల్లేదండీ!"

"చూశాను." ఈల ఊది, తన చెయ్యి తనే ఎత్తింది. "ఫౌల్ నాది."

"అంటే... మీకూ..."

"రేపు షాపుకి రండి. ఇన్నాళ్లూ నేను మిమ్మల్నే చూస్తుంటే కనపడలేదంటే, మీకు అద్దాలు పడాల్సిందే."

మేస్త్రీ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

షెడ్డులోంచి బావ కేక పెట్టాడు. "ఒరే గోడా, ఇప్పుడు కదలొచ్చురా!"