తేనెటీగలకు చెప్పిన కబురు

మీరే! పంతులుగారూ, కౌంటీ బడిలో చేతులు కడుక్కునే తొట్టి మీద ఆ పసుపు సబ్బు పెట్టింది మీరే. మీ పుస్తకం ఇంగ్లీషులో 'న్యూ' అంటే మా కెంటకీ కొండ మీద 'నోడ్', 'క్లైమ్డ్' అంటే 'క్లమ్', 'హెల్ప్డ్' అంటే 'హోల్ప్'. మా ముత్తాతల నాటి నుంచీ ఇంతే. ఆ మాట అన్న ప్రతి పిల్లాడి నోట్లో సబ్బు కుక్కి, "జరిగింది సరిగ్గా చెప్పడం నేర్చుకో" అన్నారు. నా నాలుకా కడిగారు. శుభ్రంగా కడిగారు. దానివల్ల ఏమైందో వినండి.

మామ్మ పోయిన ఉదయం పొగమంచు దిగింది, ఆ రోజంతా లేవలేదు. మా ఆచారం ప్రకారం గడియారం ఆపాను. అద్దం మీద దుప్పటి కప్పాను. ఇంటి తాళంచెవి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఇంట్లో చావొస్తే తేనెటీగలకు చెప్పాలి. చెప్పకపోతే లేచిపోతాయి, లేకపోతే లోపలే చస్తాయి. తొలిచిన మాను మొద్దులే మామ్మ తేనెపెట్టెలు. ఒక్కోదాని మీద తాళంచెవితో తట్టి, నల్లగుడ్డ కట్టి, "మా మామ్మ మరణించింది" అన్నాను.

హోరు ఆగిపోయింది.

తగ్గడం కాదు. ఆగిపోయింది. చెవి ఆనించాను. లోపల ప్రాణాలన్నీ ఊపిరి బిగపట్టి నన్నే వింటున్నట్టుంది. మామ్మను మట్టిలో పెట్టి వచ్చాక కూడా ఒక్క ఈగ బయటికి రాలేదు. కొండ మీద చెట్లన్నీ తెల్లగా పూశాయి. ఆ పువ్వుల మీద వాలే ఈగే లేదు. పొద్దు వాలేసరికి మాత్రం వంటింట్లో హోరు. సరిగ్గా మామ్మ కుర్చీ దగ్గర. దీపం పట్టుకుని వెళ్తే కుర్చీ తప్ప ఏమీ లేదు.

అలాంటి ఒక సాయంత్రం, వాగు అవతల ఉండే ఓర్లీనా మొక్కజొన్న రొట్టె తెచ్చింది. చిన్నప్పుడు ఇద్దరం కలిసి కప్పలు పట్టినవాళ్ళమే. ఇప్పుడా పిల్ల చూపు తగిలితే నా చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు.

"ఏటి ఎస్టిల్ బాబూ, ఈగలకి కబురు సెప్పనేదా?"

"తెలియజేశాను."

"తెలియజేశావా! ఓలమ్మో!" పళ్ళెం గట్టు మీద పెట్టి, నడుం పట్టుకుని మరీ నవ్వింది. "ఏమని తెలియజేసినారు దొరగారూ?"

"మా మామ్మ మరణించింది, అని."

నవ్వు ఆగింది. మొద్దుల వైపు చూసి గొంతు తగ్గించింది.

"అయితే అవి నిన్ను పోల్చుకోనేదు. నీ పుస్తకం మాట ఇని, గని కంపెనీ మనిసి ఎవడో వొచ్చినాడనుకుని లోపల నక్కినాయి. మామ్మ సచ్చిపోనాదని వాటికింకా తెలీదు, ఎస్టిల్." వంటింటి వైపు తిరిగి అంది: "మామ్మకీ తెలీదేమో."

వంటింట్లో హోరు లేచింది.

ఆ పిల్లా విన్నది. గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ సెప్పు. ఈ ఇంటోడిలాగ సెప్పు."

తట్టాను. నోరు తెరిస్తే సబ్బు రుచి. నిజంగానే, నాలుక చివర చేదు. "మామ్మ మర..." అని ఆగిపోయాను.

"నువ్వు చెప్పరాదూ?"

"నాను సెప్పకూడదు. నాను ఈ ఇంటిదాన్ని కాదు గదా!" విసుక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది. "వాగు పొంగిన యేడు మామ్మ ఏటి సేసినాది? అది సెప్పు."

ఆ కథ మామ్మ నోటనే విన్నాను. ఆమె చెప్పినట్టే వచ్చింది, నేను పిలవకుండానే.

"నీళ్ళొచ్చినాయి. నిండు సూలాలు మా అమ్మని ఈపు మీదేసుకుని కొండెక్కినాది. వానలోనే పురుడోసినాది. నన్ను బయటికి లాగినాది, నోట్లో ఊపిరూదినాది..." గొంతు నాదిలా లేదు. "ఇప్పుడు సచ్చిపోనాది. మన మామ్మ ఎల్లిపోనాది."

వంటింట్లో హోరు ఆగింది. మొద్దుల్లో మొదలైంది. ముందు సన్నగా, తర్వాత అరికాళ్ళకు తెలిసేలా. ఈగలు బయటికొచ్చి నా చేతుల మీద, పెదాల మీద, కనురెప్పల మీద వాలాయి. ఒక్కటీ కుట్టలేదు. తడిమి చూసుకుని, పువ్వుల వైపు వెళ్ళిపోయాయి.

ఓర్లీనా నా చెయ్యి ఇంకా వదల్లేదు.

"అయిపోనాదా సెప్పడం?"

"ఇంకేముంది?"

"సావొక్కటే సెప్తారేటి? పెళ్ళైనా ముందు ఈగలకే సెప్పాల. మర్సిపోనావా దొరగారూ?" అంటూ వాగు వైపు చూసింది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

మళ్ళీ తట్టాను. "ఓర్లీనా అనే పిల్ల మీద నాకు మనసైనాది. మన ఇంటికి రమ్మని అడిగినాను."

"ఎప్పుడడిగినావు, అబద్దాలకోరా?"

"ఇప్పుడే."

ఆ పిల్ల మొద్దు మీదకు వంగింది. "ఒప్పుకున్నాదని కూడా సెప్పు వాటికి."

ఇది జరిగి ఏళ్ళైంది. ఈ సోమవారం మా కూతురు మీ బడికొస్తుంది. మామ్మ మాటే మాట్లాడుతుంది. కొండ మీద ఇప్పుడు చాలా ఇళ్ళల్లో తేనెపెట్టెలు మూగగా పడున్నాయి, పొద్దు వాలితే వంటిళ్ళల్లో హోరు వినిపిస్తోంది. అన్నీ మీరు నాలుక కడిగి పంపిన పిల్లల ఇళ్ళే. పుస్తకం మాట నేర్పండి, వద్దనడం లేదు. దాని పక్కనే మా మాటనూ బతకనివ్వండి. ముందు ఆ తొట్టి మీంచి సబ్బు తీసెయ్యండి. సోమవారం గంట కొట్టేలోపు తీసెయ్యండి. నేనూ ఓర్లీనా తలుపు దగ్గరే నిలబడి ఉంటాం.