యారాలొస్తే వైఫై పోతోంది

మధ్యాహ్నం మూడున్నర. లాల్‌దర్వాజా సందులో, రూప ఇంట్లో వైఫై మళ్ళీ చచ్చిపోయింది.

రూప ఆన్‌లైన్‌లో మగ్గం వర్క్ నేర్పుతుంది. నలభై మంది ఆడవాళ్ళు క్లాసు మధ్యలో నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. బయట అరుగుమీద కూర్చుని తన ఫోన్లో అదే క్లాసు చూస్తున్న డిటెక్టివ్ బిందుమాధవి, తెరమీద ఆగిపోయిన బొమ్మను అలాగే సేవ్ చేసుకుంది.

లోపల్నుంచి రూప కేక.

"సూస్తిరా? నేను జెప్తే నమ్మకపోతిరి! అక్క గడపల కాలు వెట్టింది, నెట్ వోయింది!"

అక్క అంటే లీలమ్మ. రూపకు యారాలు. బావ ఆగయ్య భార్య. పై అంతస్తులో కాపురం. గుమ్మంలో నిలబడ్డ ఆమె ముఖం పాలిపోయింది.

"నేనేం జేసిన రూపా? చెప్పి పోదామని వస్తి గదనే."

సందులో ఆగయ్య ట్రాలీ ఆటోలోకి మంచం ఎక్కిస్తున్నాడు. వారం నుంచి ఇంట్లో ఇదే లొల్లి. లీలమ్మ వైరు కోసిందట. కుళ్ళుకుని దిష్టి పెట్టిందట. ఆ నిందలు పడలేక భార్యాభర్తలు చాంద్రాయణగుట్టలో అద్దెయిల్లు చూసుకున్నారు.

రూప భర్త బబ్లూ బస్ డిపోలో మెకానిక్. చేతులు పిసుక్కుంటున్నాడు.

"మేడమ్, జర జల్ది తేల్చుండ్రి. ఆటో కదిలిందంటే మా అన్న మల్ల ఈ గడప తొక్కడు."

బిందుమాధవిది గుంటూరు. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. బబ్లూ వచ్చి వైఫై కేసు అనగానే ముందు పకపకా నవ్వింది. ఆటోలో మంచం చూశాక నవ్వు మానేసింది.

అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"నెట్ ఎప్పుడెప్పుడు పోతోంది?"

"అక్క వచ్చినప్పుడల్ల," అంది రూప.

"ఆవిడ వెళ్ళిపోయాక?"

"దానంతట అదే వస్తది. గా కండ్లు గట్లాంటియి మేడమ్."

"కంపెనీవాళ్ళు చూశారా?"

"రెండుసార్లు వచ్చి సూసిండ్రు. అంత మంచిగనే ఉందన్నరు."

"రౌటర్ ఎక్కడుంది?"

"లోపటి అర్రల. బీరువల."

"బీరువాలోనా!"

"కొత్త డబ్బా గద మేడమ్. వచ్చిపోయేటోళ్ల కండ్లు పడ్తయని దాచిన. ఎన్కకెల్లి బొక్క గొట్టి వైరు తీసినం."

రౌటర్‌కి దిష్టి తగులుతుందని దాచిన మహాతల్లిని బిందుమాధవి ఇదే చూడటం. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, తన ఫోన్ రూప ముందు పెట్టింది.

"నెట్ పోయిన క్షణం ఇది. బాగా చూడు. మగ్గం ఉంది, బట్ట ఉంది, సూది గుచ్చి ఉంది. నీ చెయ్యేదమ్మా?"

రూప చేతులు వెనక్కి దాచుకుంది.

"క్లాసు మధ్యలో ఎక్కడికి వెళ్ళావు?"

"అక్క అడుగుల సప్పుడైంది. లేచిన."

"లేచి?"

"బీరువ మూసిన."

"అదీ సంగతి! ఇనప బీరువా, లోపల రౌటర్. తలుపు బిగిస్తే ఆ ఇనప రేకు దాటి సిగ్నల్ ఏం వస్తుంది? ఆవిడ వెళ్ళగానే తెరుస్తావు, నెట్ వస్తుంది. కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు తలుపు తెరిచే ఉంటుంది, ఇక వాళ్ళకేం దొరుకుతుంది? కనెక్షన్ కట్ చేస్తున్నది లీలమ్మగారు కాదు. నువ్వే."

"ఓర్నీ, గింతేనా!" బబ్లూ ఎగిరి లేచాడు. "అన్నా, సామాన్ దించే!"

"ఆగు బాబూ. దిష్టి భయమైతే ఎవరొచ్చినా బీరువా మూయాలి. ఈవిడొస్తేనే ఎందుకు మూస్తోంది? అది తేలలేదు."

రూప చటుక్కున లేచి లోపలి గది గుమ్మానికి అడ్డం నిలబడింది. లీలమ్మ ఆమె భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపింది. వెళ్ళి బీరువా పిడి తిప్పింది.

తలుపు లోపలి వైపు రైకలు వరసగా వేలాడుతున్నాయి. నెమళ్ళు, మామిడి పిందెలు, జరీ తీగలు. క్లాసులో 'నా పని' అంటూ రూప చూపించే శాంపిళ్ళు అవే. లీలమ్మ ఒక రైకను తిరగేసి, కుట్టు వెనక వేలితో తడిమింది.

"ఇది నా చేతిది," అంది. "ఇదీ నాదే. నా పెండ్లి రైక గూడ ఈడనే ఉన్నది. అన్ని తొడుక్కొమ్మని ఇస్తి గదనే నీకు."

రూప నేలమీద కూలబడింది.

"అవ్! నీయే! నువ్వు నేర్పినవ్ గని నీ చెయ్యి నాకు రాలే. నీ పని సూసి నన్ను మెచ్చుకుంటుండ్రు. నువ్వు సూస్తే ఏమైతదోనని సచ్చిన. నీకు కుళ్ళని ఊరంత జెప్పిన గని కుళ్ళు నాదే అక్కా. నీ మీద నాకే."

బీరువా తెరుచుకోవడంతో నెట్ తిరిగొచ్చింది. ముందుగదిలో మగ్గం దగ్గరున్న రూప ఫోన్లోంచి క్లాసులో ఎవరిదో గొంతు వినబడింది. "మేడమ్, ఇప్పుడు అంతా వినిపిస్తోంది."

బబ్లూ సిగ్గుతో తల దించుకున్నాడు. ఆగయ్య చేతిలో తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడి, భార్య ఏమంటుందా అని చూస్తున్నాడు.

"పోకక్కా," అంది రూప.

లీలమ్మ రైకలన్నీ తీసి ఒళ్ళో వేసుకుంది. ఒక్కొక్కటే మడత పెట్టింది.

"పోను. గని ఇయ్యాల్టి సంది ఫోన్ ముంగట కూసునేది నేను. నువ్వు పక్కన కూసొని దారం అందియ్యి."

వెళ్ళి మగ్గం ముందు కూర్చుంది. తెరమీద నలభై మంది ఆమెకు నమస్కారం పెట్టారు. రూపకు కడుపు భగ్గున మండింది. అయినా దారం అందించింది.