కడిగిన బిళ్ల

"ఆగు, గా బిళ్ల గల్లాల వెయ్యకు!"

దత్తాత్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సిద్దిపేట బజారులో వాళ్ల ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చే ఆడపిల్లలందరూ అతన్ని 'అన్నా' అనే పిలుస్తారు. వానకు తడిసి లోపలికొచ్చిన ఈ అమ్మాయి మాత్రం ఏ పిలుపూ లేకుండా నేరుగా ఆర్డరు వేసింది.

"ఎందుకు వెయ్యొద్దు? రెండు రూపాయల బిళ్లే గదా."

"గిసొంటిది నా దగ్గర లేదు. దీనికి బదులు ఇంకోటిస్త."

"రెండిచ్చి రెండు తీస్కుంటే నాకేం లాభం?"

"ఛాయ్ తాగిపిస్త. సరేనా?"

ఛాయ్ అనగానే మనవాడు పడిపోయాడు. ఛాయ్ లేకపోయినా పడిపోయేవాడే, అది వేరే విషయం.

ఆమె పేరు వర్షిత. ఎదురుగా ఉన్న ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఆ వానాకాలమంతా సాయంత్రం డ్యూటీ దిగగానే వచ్చి, అతని గల్లాపెట్టెలో చిల్లర వెతకడం, పక్క హోటల్లో ఛాయ్ తాగడం అలవాటైపోయింది. ఏరిన బిళ్లల్లో మంచివాటిని గ్రేడింగుకు పంపుతుందని తెలిసినప్పుడు దత్తాత్రికి పొలమారింది.

"పది రూపాయలు చెయ్యని బిళ్లకు వందలు వందలు కట్టి సర్టిఫికెట్ తెప్పిస్తవా? దిమాగ్ ఉన్నదా నీకు?"

"నువ్వు నవ్వుతవని తెల్సు. బిళ్లలు ఏరేటోళ్ల వాట్సాప్ గ్రూప్ మాది, గండ్ల ఒకాయన చెన్నైల ఉంటడు. ఆయన మొహం నేను చూడలే, నా మొహం ఆయన చూడలే. ఫోటోల ప్రతి బిళ్ల మంచిగనే కనబడ్తది. బిళ్లను ఎన్నడు కడగొద్దు. అసలుదేనా, ఎవరన్న కడిగి మెరిపించిన్రా, ఎట్ల తెలుస్తది? గందుకే ఏ సంబంధం లేనోళ్లతోని చూపిస్తం. వాళ్లు గీతలన్ని చూసి, డెబ్బైకి ఇన్ని మార్కులని వేసి, డబ్బల పెట్టి సీలు చేస్తరు. ఇగ నా మాట ఎవ్వరు నమ్మనక్కర్లే. ధర కోసం కాదు దత్తూ, మాట కోసం."

ఇందులో దత్తాత్రి సగమే విన్నాడు. ఆవేశంగా మాట్లాడేటప్పుడు ఆమె కనుబొమల మధ్య చిన్న ముడి పడుతుంది. మిగతా సగం టైము ఆ ముడి చూడ్డానికే సరిపోయింది.

అసలు గొడవ ఇరవై పైసల బిళ్లతో మొదలైంది. తామరపువ్వు బొమ్మున్న పాత బిళ్ల అది. వర్షిత నానమ్మ కిష్టవ్వ తన మగ్గం మీద నేసిన మొదటి గొల్లభామ బొమ్మల చీర అమ్మినప్పుడు, షావుకారు ఇచ్చిన చిల్లరలో కొత్తది వచ్చింది. ఖర్చు పెట్టబుద్ధి కాక చీర ముక్కలో చుట్టి దాచుకుంది. దాని ఫోటో గ్రూపులో పెడితే ఎవరో 'ఇంత బాగుందంటే కడిగిందే' అన్నారు. మా నానమ్మ కడగలేదంది, నేను రాసిస్తానంది వర్షిత. గ్రేడింగు చేయించి చూపిస్తానని పంతం కూడా పట్టింది.

"నేను సరుకు కోసం పట్నం బేగంబజార్ పోతున్న గదా, గక్కడ గ్రేడింగుకు బిళ్లలు తీస్కునే డీలర్‌కు నేనిస్త," అన్నాడు దత్తాత్రి. ఆమె ఆ బిళ్లను చిన్న కవరులో పెట్టి, రెండు చేతులతో అతని చేతిలో ఉంచింది.

పొద్దున బస్సు ఎక్కే ముందు కవరు విప్పి చూశాడు. బిళ్ల మీద పల్చగా గోధుమరంగు కమ్మి ఉంది. తాత కాలం నుంచి ఇత్తడి అమ్మే ఇల్లు వాళ్లది. మాసిన సామాను బయటికి పంపడం అతనికి చేతకాదు. ఇట్ల పంపితే మార్కులు తగ్గవా అనుకున్నాడు. చింతపండు, ఉప్పు, ఆపైన తోమే పొడి. తామరపువ్వు బంగారంలా మెరిసింది. మార్కులొచ్చాక చెప్పి ఆమెను ఆశ్చర్యపరుద్దామని దారిపొడవునా మురిసిపోయాడు.

డబ్బా తిరిగొచ్చిన రోజు వర్షిత దుకాణంలోకి వచ్చి కూర్చుంది. మార్కు ఉండాల్సిన చోట మార్కు లేదు. 'కడిగినది' అని మాత్రం ఉంది.

"కడిగితే మార్కులే ఇయ్యరు దత్తూ. గ్రూప్‌ల అందరు నవ్వుతున్నరు. నేను అబద్ధాలకోరునైన." ఆమె డబ్బాను బోర్లా పెట్టింది. "నానమ్మను అడిగిన. కడగలే బిడ్డా అన్నది. నువ్వెందుకు అబద్ధమాడ్తవని మీదికి లేసిన. పాపం, ఒట్టు పెట్టుకుంట ఏడ్చింది."

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాడు కూడా. "అయ్యో," అన్నాడు. అంతే.

ఆమె వెళ్లిపోయాక దత్తాత్రికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. దుకాణం నిండా తళతళలాడే పళ్లాలు, చెంబులు. ఎటు తిరిగినా తన మొహమే. చేసిన పని కంటే ఆ 'అయ్యో' ఎక్కువ గుచ్చింది. ముసలామె ఒట్టు పెట్టుకుని ఏడ్చిందంటే, తను నిలబడి జాలి చూపించాడు! థూ, అనుకున్నాడు.

మర్నాడు ల్యాబ్ తెరవకముందే మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"మీ నానమ్మ కడగలే. నేను కడిగిన."

మెట్లెక్కబోతున్న వర్షిత వెనక్కి తిరిగింది. "కడగొద్దని నీకు చెప్పిన గదా!"

"చెప్పినవ్. నేను వినలే. నీ మొహం చూసుకుంట కూసున్న."

వేరే రోజైతే ఈ మాటకు ఆమె సిగ్గుపడేది. ఇప్పుడు కళ్లు ఎర్రబడ్డాయి.

"తెల్వక కడిగినవ్, సరే. నిన్న నా ముందల అయ్యో అన్నవ్ సూడు, గది ఏంది? నాతోని మాట్లాడకు. పో."

అతను పోలేదు. "నీ ఫోన్ ఇయ్యి. గ్రూప్‌ల చెప్పాలె."

ఆమె ఇచ్చింది. అతను తన పేరు, దుకాణం పేరు చెప్పి, చింతపండుతో సహా మొత్తం రికార్డు చేసి పంపాడు. "కిష్టవ్వది తప్పు లేదు, వర్షితది తప్పు లేదు, నాదే," అన్నాడు. మధ్యలో ఎక్కడా ఆపలేదు.

గ్రూపులో సిద్దిపేట వాళ్లు కూడా ఉన్నారు. సాయంత్రానికి ఆ మాటలు బజారంతా తిరిగాయి. "దత్తన్నా, మా బిళ్లలు సుత తోముతవా?" అని వచ్చినవాడల్లా అడిగాడు. గల్లా దగ్గరున్న వాళ్ల బాపు, కొడుకు అవస్థ చూసి మీసాల కింద నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. దత్తాత్రి తలవంచుకుని సామాను సర్దాడు. అన్నీ పడ్డాడు.

చీకటి పడుతుండగా వర్షిత వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"మాట్లాడొద్దన్నవ్ గదా," అన్నాడు మెల్లగా.

"నానమ్మకు ఇంకా చెప్పలే. అబద్ధమాడ్తవని ఎంత మాట అన్న! ఆమె ముందల నిలబడనీకి సిగ్గయితుంది. నువ్వు సుత రా."

ఇద్దరూ దొంగల్లా వెళ్లి మగ్గం పక్కన నిలబడ్డారు. దత్తాత్రి మొత్తం చెప్పాడు. కిష్టవ్వ చెవి ఒగ్గి విన్నది.

"చింతపండు ఎందుకు ఆగం జేసినవ్‌రా? పులుసన్న అయితుండె." తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "నీ సంగతేందే?"

"నిన్ను నమ్మలే, నానమ్మా." వర్షిత ఆమె ఒడిలో తల పెట్టి భోరుమంది.

కిష్టవ్వ ఆమె జుట్టు నిమురుతూ దత్తాత్రిని తేరిపార చూసింది. "బిళ్ల పోతే పోయింది. ఇంటి దాక వచ్చి నా మాట నాకు నిలబెట్టిండు పోరడు. లెవ్వే, అన్నం పెట్టు. వీళ్ల బాపుతోని నేను మాట్లాడ్త."

ఏం మాట్లాడుతుందో ఇద్దరికీ అర్థమైంది. వర్షిత చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తకుండా వడ్డించింది. అతనూ తల ఎత్తకుండా తిన్నాడు.

"ఇంకోసారి నాకు చెప్పకుండ ఏమన్న కడిగినవంటే సూడు," అంది గొంతు తగ్గించి.

దత్తాత్రి ఖాళీ పళ్లెం వైపు చూశాడు. "మరి గిది కడగొచ్చా?"

ఆమెకు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"గదైతే కడుగు. రోజూ కడుగు."