జగన్నాథరావుగారి జ్ఞాపకశక్తి

“ఏంటండీ మీరు చేస్తున్న పని?”

గణేష్‌బాబు ఉలిక్కిపడ్డాడు. అతని చేతిలో శొంఠిపొడి పొట్లం, మంచం మీద స్పృహ లేని తండ్రి జగన్నాథరావు, ఎదురుగా నడుమున చేతులు పెట్టుకుని స్టాఫ్ నర్సు రామతులసి.

“నాన్నగారి అరికాళ్లు చల్లబడిపోయాయండి. శొంఠి రాస్తే వేడెక్కుతాయని...”

“మేం రెండు గంటలుగా కష్టపడి చల్లబరుస్తుంటే మీరు వేడెక్కిస్తారా? ఆ దుప్పటి కప్పింది కూడా మీరేనా?”

అతనే. ఒప్పుకునే ధైర్యం లేక పొట్లం జేబులో కుక్కుకున్నాడు.

ఆ ఉదయం కోరుకొండ మెట్లెక్కుతూ కూలబడిన జగన్నాథరావుని రాజమండ్రి ఆసుపత్రికి తెచ్చేసరికి గుండె ఆగిపోయింది. డాక్టర్లు మళ్లీ కొట్టుకునేలా చేశారు గానీ మనిషికి తెలివి రాలేదు. ఒళ్లు ముప్పైమూడు డిగ్రీలకు చల్లబరిచి ఒక రోజంతా ఉంచుతామన్నారు. గణేష్‌బాబుకి ధవళేశ్వరంలో ఐసు ఫ్యాక్టరీ ఉంది. అతనికి తెలిసినంతలో ఐసులో పెట్టేది ప్రాణం పోయినవాటినే.

“మా నాన్నగారేమైనా పులసాండీ, ఐసులో పెట్టడానికి?”

“పులసైతే ఈపాటికి పులుసు పెట్టేసేదాన్ని. ఇది ఆయన మెదడు దెబ్బతినకుండా అండి,” అంది ఆమె దుప్పటి లాగేస్తూ. “అన్నట్టు, మా దగ్గర ఐసు అయిపోవస్తోంది.”

గంటలో వ్యాను నిండా ఐసు దిగింది.

“ఒక్క పేషెంటుకండీ, పెళ్లి భోజనాలక్కాదు!” అని రామతులసి నవ్వింది. ఆ నవ్వుకి ఇంకో వ్యాను తెప్పిద్దామా అనుకున్నాడు గణేష్‌బాబు.

మర్నాడు మెల్లగా ఒళ్లు వెచ్చబరిచారు. మూడోరోజు జగన్నాథరావు కళ్లు తెరిచి కొడుకుని పేరు పెట్టి పిలిచాడు. కానీ చెప్పింది చెప్పినట్టే మర్చిపోతున్నాడు.

“ఈ అమ్మాయెవర్రా?”

“నర్సుగారు నాన్నగారూ.”

పది నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. జ్ఞాపకం ఇలాగే నిలవకపోతే కష్టమని డాక్టరుగారు చెప్పినప్పటినుంచీ గణేష్‌బాబుకి అన్నం సయించడం లేదు.

సాయంత్రం ఆయన పన్నెండోసారి అడిగినప్పుడే రామతులసి మందులకోసం బయటికెళ్లింది. అతను గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు.

“నాకు నచ్చిన అమ్మాయండి. మీరు ఊఁ అంటే మీ కోడలు,” అనేశాడు. ఎలాగూ మర్చిపోయే మనిషికి చెప్పడానికి భయమెందుకు?

“అలాగా,” అని జగన్నాథరావు కళ్లు మూసుకున్నాడు.

అరగంటకి రామతులసి కేస్ షీటు పట్టుకుని ఆయన జ్ఞాపకం పరీక్షించడానికి వచ్చింది.

“ఇది ఏ ఊరండీ?”

“రాజమండ్రి.”

“ఈయనెవరు?”

“మా అబ్బాయి.”

“మరి నేను?”

“మా కోడలివి.”

ఆమె మొహం వాడిపోయింది. “కాస్త నయమనుకున్నాను. మళ్లీ తికమకపడుతున్నారు,” అంటూ పెన్ను తీసింది.

గణేష్‌బాబు ఆ పెన్ను వైపు చూశాడు. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది. కానీ నాన్నకి మతి సరిగా లేదని కాగితమెక్కుతుంది.

“రాయకండి! ఆయన సరిగ్గానే చెప్పారు. అరగంట క్రితం నేనే... మర్చిపోతారు కదా అని...”

అంటూండగా అసలు సంగతి తట్టింది. నాన్న మర్చిపోలేదు! అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

రామతులసి బుగ్గలు ఎర్రబడ్డాయి. “ఆయనకి చెప్పేముందు నన్నడగాలని తోచలేదా?”

“మీరు మర్చిపోరు కదండీ. అందుకే భయమేసింది.”

ఆమె పెదవి కొరుక్కుంటూ ‘జ్ఞాపకం బాగుంది’ అని రాసి, మంచం వైపు వంగింది. “ఇంకోసారి అడగాలండి. నేనెవరిని?”

“ఎన్నిసార్లు చెప్పాలమ్మా? మా కోడలివి.”

రామతులసి గణేష్‌బాబు వైపు ఒక్క క్షణం చూసింది.

“సరే మావయ్యగారూ,” అంది. “ఇక పడుకోండి.”